ఎవరికీ ఉద్యోగం లేని ఇంట్లో పెరిగే పిల్లలు: బ్రిటన్ లెక్కలను ఎలా చదవాలి

బ్రిటన్‌లో పేద కుటుంబాలకు పిల్లల పేరిట అందే ప్రభుత్వ సాయాన్ని మొదటి ఇద్దరు పిల్లలకే పరిమితం చేస్తూ 2017 ఏప్రిల్‌లో ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. దానిని 2026 ఏప్రిల్ నుంచి ఎత్తివేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించినప్పుడు, అక్కడ యాభై ఏళ్లుగా సాగుతున్న ఒక వాదన మళ్లీ వినిపించింది. కష్టపడి పని చేసేవారు కట్టే పన్ను ఏళ్ల తరబడి పని చేయని తల్లిదండ్రుల ఇళ్లకు ఎందుకు పోవాలన్నది ఒక పక్షం ప్రశ్న. తల్లిదండ్రులకు పని లేకపోతే పిల్లల అన్నం ఎందుకు తగ్గించాలన్నది రెండో పక్షం ప్రశ్న. ఇద్దరూ "ఎవరికీ ఉద్యోగం లేని ఇల్లు" అనే ఒకే మాటను వాడుతున్నారు గానీ, ఆ మాటకు వాడుకలో ఉన్న అర్థం వేరు, గణాంకాల్లో ఉన్న అర్థం వేరు. పిల్లల బతుకును తేల్చే నిర్ణయాలు ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే జరుగుతున్నాయి కాబట్టి, ముందుగా ఆ మాటను విప్పి చూడాలి.

నిరుద్యోగి వేరు, ఉద్యోగం లేని మనిషి వేరు

మామూలు సంభాషణలో ఉద్యోగం లేనివారందరినీ నిరుద్యోగులనే అంటాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం అలా ఒప్పుకోదు. దాన్ని అనుసరించే బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం దృష్టిలో నిరుద్యోగి అంటే మూడు లక్షణాలు ఒకేసారి ఉన్న మనిషి: చేతిలో పని ఉండకూడదు, గడిచిన నాలుగు వారాల్లో పని కోసం ప్రయత్నించి ఉండాలి, పని దొరికితే రెండు వారాల్లోగా చేరడానికి సిద్ధంగా ఉండాలి. ఈ స్థితి పన్నెండు నెలలు దాటితే దీర్ఘకాలిక నిరుద్యోగం అవుతుంది. మంచాన ఉన్న రోగి, పసిబిడ్డను చూసుకుంటున్న తల్లి, పక్షవాతం వచ్చిన భర్తకు సేవ చేస్తున్న భార్య, వెతికి వెతికి విసిగి మానేసిన కార్మికుడు, వీరెవరూ ఈ లెక్క ప్రకారం నిరుద్యోగులు కారు. వీరిని ఉద్యోగ విపణికి వెలుపల ఉన్నవారిగా పరిగణిస్తారు.

ఇల్లు మొత్తాన్ని ఒక ప్రమాణంగా తీసుకున్నప్పుడు లెక్క మరోలా ఉంటుంది. ఇంట్లో 16 నుంచి 64 ఏళ్ల వయసున్నవారు కనీసం ఒకరు ఉండి, 16 దాటిన వారిలో ఏ ఒక్కరికీ పని లేకపోతే అది "ఉద్యోగం లేని ఇల్లు". ఆ పెద్దలందరూ ఏడాది అంతకు మించి పని లేకుండా ఉన్నా, అసలెప్పుడూ ఉద్యోగం చేయకపోయినా అది దీర్ఘకాలికంగా ఉద్యోగం లేని ఇల్లు. పని లేకపోవడానికి కారణమేమిటని ఈ నిర్వచనం అడగదు. చదివేవారు మాత్రం ఒక కారణాన్ని ఊహించుకుంటారు. పని దొరకక వెతుకుతున్న నిరుద్యోగి ఉండే ఇల్లనో, ఇష్టం లేక మానేసిన మనిషి ఉండే ఇల్లనో అనుకుంటారు. నిజానికి బ్రిటన్‌లో ఇలాంటి ఇళ్లలో పెద్దలు పని చేయకపోవడానికి తరచుగా కనిపించే కారణం అనారోగ్యం, వైకల్యం. ఒంటరి తల్లులున్న ఇళ్లలో పిల్లల సంరక్షణ ముఖ్య కారణం. నిర్వచనానికి సరిపోయే నిరుద్యోగులు వీరిలో తక్కువ భాగమే.

లెక్కలోకి వచ్చే ఇల్లు, రాని ఇల్లు

కొన్ని ఊహా కుటుంబాలను తీసుకుంటే ఈ నిర్వచనం ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ జారవిడుస్తుందో తెలుస్తుంది.

మొదటి ఇంట్లో రెండేళ్ల పాపతో ఒంటరిగా ఉంటున్న తల్లి ఉంది. పాప పుట్టకముందు ఆరేళ్లు ఒక దుకాణంలో పని చేసింది, పాప బడికి వెళ్లే వయసు వచ్చాక మళ్లీ చేరాలనుకుంటోంది. ఆమె నిరుద్యోగి కాదు, అయినా ఆమె ఇల్లు దీర్ఘకాలికంగా ఉద్యోగం లేని ఇల్లే. రెండో ఇంట్లో తండ్రికి మూడేళ్లుగా పని లేదు, తల్లి ఒక బడి వంటగదిలో వారానికి ఆరు గంటలు పని చేస్తుంది. ఆదాయం మొదటి ఇంటి కంటే గొప్పగా ఏమీ లేకపోవచ్చు, తండ్రి నైరాశ్యాన్ని పిల్లలు రోజూ చూస్తూనే ఉండవచ్చు, అయినా ఈ ఇల్లు లెక్కలోకి రాదు. మూడో ఇంట్లో తల్లిదండ్రులిద్దరికీ ఏళ్లుగా పని లేదు, పదిహేడేళ్ల కొడుకు మాత్రం శనివారాలు ఒక కొట్టులో నిలబడతాడు. వారానికి ఒక గంట జీతం తీసుకున్నా ఉద్యోగం కిందే లెక్క కాబట్టి, ఆ కుర్రవాడి శనివారం పనితో అతని చెల్లెలు "ఉద్యోగం లేని ఇంటి" పిల్లల జాబితా నుంచి తప్పుకుంటుంది. నాలుగో ఇంట్లో తండ్రి గోదాములో ఆరు నెలలు పని చేసి, నాలుగు నెలలు ఖాళీగా ఉండి, మళ్లీ మూడు నెలల ఒప్పందం మీద చేరతాడు. ప్రతి చిన్న ఒప్పందంతోనూ పన్నెండు నెలల గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. ఇంగ్లండ్ ఈశాన్యంలోని టీసైడ్ ప్రాంతంలో జరిగిన పరిశోధనలు ఇలా తక్కువ జీతానికీ ఖాళీకీ మధ్య ఏళ్ల తరబడి తిరిగే జీవితాలను విస్తారంగా నమోదు చేశాయి. ఆ ఇళ్లలోని పిల్లల అనిశ్చితి దీర్ఘకాలిక నిరుద్యోగం కిందికి రాదు.

ఐరోపా సమాఖ్య ఈ ఇబ్బందిని కొంత గుర్తించి, ఉద్యోగం ఉందా లేదా అని కాకుండా, ఇంట్లోని పెద్దలు ఏడాదిలో పని చేయగలిగిన మొత్తం కాలంలో ఎంత చేశారని అడుగుతుంది. అది 20 శాతం లోపు ఉంటే "అతి తక్కువ పని ఉన్న ఇల్లు" అవుతుంది. ఆ కొలమానంతో చూస్తే మూడో ఇంటి పాప లెక్కలోకి వచ్చే అవకాశం ఎక్కువ. నా ఉద్దేశంలో పిల్లల విషయంలో ఇదే మెరుగైన ప్రశ్న, ఎందుకంటే పిల్లల అనుభవం ఉద్యోగం ఉంది, లేదు అనే రెండు గదుల్లో ఇమిడేది కాదు.

ఉద్యోగాలు తగ్గకుండానే ఇలాంటి ఇళ్లు ఎలా పెరిగాయి

1970ల మధ్య నుంచి 1990ల మధ్య వరకు బ్రిటన్‌లో ఉద్యోగం లేని ఇళ్లు బాగా పెరిగాయి. 1990ల మధ్య నాటికి దాదాపు ప్రతి ఐదుగురు పిల్లల్లో ఒకరు అలాంటి ఇంట్లో ఉన్నారు. అన్ని సందర్భాల్లోనూ మొత్తం ఉద్యోగాలు పడిపోవడం వల్లే ఇలా జరగలేదని ఆర్థికవేత్తలు పాల్ గ్రెగ్, జోనథన్ వాడ్స్‌వర్త్ చూపించారు. వారి మాటను ఒక చిన్న లెక్కతో చెప్పవచ్చు. ఒక వీధిలో రెండు జంటలు, నలుగురు పెద్దలు, మొత్తం రెండు ఉద్యోగాలు. ఇంటికొక ఉద్యోగం చొప్పున ఉంటే ఆ వీధిలో ఉద్యోగం లేని ఇల్లు ఒక్కటీ లేదు. ఆ రెండూ ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ చేరితే, ఉద్యోగాల సంఖ్య మారకుండానే సగం ఇళ్లు ఉద్యోగం లేని ఇళ్లవుతాయి. పని ఉన్నచోట రెండు జీతాలు, లేనిచోట సున్నా అనే ఈ విడిపోవడం ఆ రెండు దశాబ్దాల్లో నిజంగానే జరిగింది.

దీనికి కారణాలు అల్లుకుపోయి ఉన్నాయి. ఒంటరి తల్లుల కుటుంబాలు పెరిగాయి. బొగ్గు, ఉక్కు, ఓడల నిర్మాణం మీద బతికిన ఊళ్లలో ఆ పనులు పోయాయి. భర్తకు పని పోయి కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం మొదలయ్యాక, భార్య సంపాదించే చిన్న జీతంలో ఎక్కువ భాగం ఆ సాయంలో కోతగా పోయేది, అందువల్ల ఆమె పని కూడా నిలిచిపోయేది. 1984–85 బొగ్గు గని కార్మికుల సమ్మె తరవాత గనులు మూతపడిన ప్రాంతాల్లో మరో మార్పు వచ్చింది. పని పోయిన గని కార్మికుల్లో చాలామంది నిరుద్యోగ భృతికి బదులు అనారోగ్య భృతిలోకి వెళ్లారు. వారి ఊపిరితిత్తుల జబ్బులు, మోకాళ్ల నొప్పులు నిజమైనవే. అయినా దగ్గరలో పని ఉంటే వారిలో ఎందరో చేసేవారని, దీన్ని దాగిన నిరుద్యోగంగా చూడాలని క్రిస్టినా బీటీ, స్టీవ్ ఫాదర్‌గిల్ అనే పరిశోధకులు ఏళ్ల తరబడి వాదించారు. అనారోగ్యానికీ నిరుద్యోగానికీ మధ్య గీత స్పష్టంగా ఉంటుందనుకునేవారు ఈ ఊళ్లను గుర్తుంచుకోవాలి.

ఆ తరవాత ఇలాంటి ఇళ్లు తగ్గుతూ వచ్చాయి. 1998లో ఒంటరి తల్లిదండ్రుల కోసం ప్రత్యేక ఉపాధి పథకం, 1999లో తక్కువ జీతగాళ్ల కుటుంబాలకు పన్ను రాయితీ రూపంలో సాయం వచ్చాయి. 2008 నుంచి దశలవారీగా, చిన్న బిడ్డకు ఒక వయసు రాగానే ఒంటరి తల్లి పని వెతకాలనే షరతు బిగుస్తూ పోయింది. మొదట 12 ఏళ్లు, 2010లో 7, 2012లో 5, 2017లో 3 ఏళ్లకు ఆ వయసును దించారు. 2010ల చివరికి ఉద్యోగం లేని ఇళ్లలో ఉన్న పిల్లలు సుమారు పదిమందిలో ఒకరికి తగ్గారు. దీనికి సాయం ఎక్కువ తోడ్పడిందా, షరతులా, ఆర్థిక వృద్ధా అనే దానిపై ఏకాభిప్రాయం లేదు.

పిల్లలకు దెబ్బ తగిలేది దేని వల్ల

2017 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం వెలువరించిన పత్రం, ఉద్యోగం లేని కుటుంబాల పిల్లలు చదువులోని అన్ని దశల్లోనూ ఆశించిన స్థాయిని అందుకోలేకపోయే అవకాశం మిగతావారితో పోలిస్తే దాదాపు రెట్టింపు అని చెప్పింది. ఈ తేడా నిజం. అయితే ఆ తేడా ఉద్యోగం లేకపోవడం వల్లే వచ్చిందా అన్నది మరో ప్రశ్న. తల్లికి తీవ్రమైన మానసిక కుంగుబాటు ఉందనుకుందాం. ఆ కుంగుబాటు వల్ల ఆమె ఉద్యోగం చేయలేదు, ఆ కుంగుబాటు వల్లే పిల్లవాడి హోంవర్కు చూడలేదు. ఉద్యోగం లేకపోవడం, మార్కులు తగ్గడం రెండూ పక్కపక్కన కనిపిస్తాయి గానీ ఒకటి రెండోదానికి కారణం కాదు. రేపు ఆమెను బలవంతంగా ఏదో పనిలో చేర్పిస్తే మార్కులు పెరగకపోగా తగ్గవచ్చు కూడా.

ఈ చిక్కును విడదీయడానికి పరిశోధకులు మూతపడిన కర్మాగారాల వైపు చూస్తారు. కర్మాగారం మూతపడితే బద్ధకస్తుడికీ కష్టజీవికీ, రోగికీ ఆరోగ్యవంతుడికీ ఒకే రోజు పని పోతుంది. కాబట్టి ఆ తరవాత పిల్లల్లో వచ్చే మార్పును తండ్రి స్వభావానికి అంటగట్టలేం. కెనడాలో ఫిలిప్ ఓరియోపోలస్, మరియాన్ పేజ్, ఆన్ స్టీవెన్స్ చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం, సంస్థలు మూతపడి పని కోల్పోయిన తండ్రుల కొడుకులు పెద్దయ్యాక అలాంటి దెబ్బ తగలని కుటుంబాల కొడుకుల కంటే సుమారు 9 శాతం తక్కువ సంపాదిస్తున్నారని కనుగొంది. నార్వేలో ఇలాంటి అధ్యయనమే తండ్రి ఉద్యోగం పోతే పదో తరగతి మార్కులు కొంత తగ్గుతాయని, తల్లి ఉద్యోగం పోతే ఆ తగ్గుదల కనిపించదని చెప్పింది. డబ్బు నష్టమే మొత్తం కారణమైతే తల్లి జీతం పోయినా అంతో ఇంతో తగ్గాలి. తండ్రి ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో పుట్టే ఒత్తిడి, ఆయన మనసు విరిగిపోవడం కూడా పని చేస్తాయేమోనన్న అనుమానం దీని వల్ల బలపడింది. మరోవైపు అమెరికాలో నథానియల్ హిల్గర్ చేసిన అధ్యయనంలో, తండ్రి ఉద్యోగం పోవడం పిల్లల కళాశాల చేరికను తగ్గించిన మాట నిజమే గానీ ఆ తగ్గుదల చాలా స్వల్పం. ఇవన్నీ ఉద్యోగం పోయిన కుటుంబాల గురించిన అధ్యయనాలు. ఏళ్ల తరబడి పని లేని ఇళ్లకు వీటిని నేరుగా వర్తింపజేయడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే ఉద్యోగం పోయినవారిలో చాలామంది కొంతకాలానికి మరో పనిలో చేరతారు.

ఏళ్ల తరబడి సాగే ఖాళీ పిల్లలను ఎలా తాకుతుందో తెలుసుకోవడానికి, తొంభై ఏళ్లు దాటినా పక్కన పెట్టలేని ఒక పరిశీలన ఉంది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరలోని మారీన్‌తాల్ అనే ఊరికి బట్టల మిల్లే ఆధారం. 1930 నాటికి అది పూర్తిగా మూతపడింది. ఊళ్లోని 478 కుటుంబాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నిరుద్యోగ భృతి మీద ఆధారపడ్డాయి. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైజల్ అక్కడికి వెళ్లి ప్రశ్నాపత్రాలతో సరిపెట్టకుండా కళ్లతో చూశారు. రెండు వారాలకోసారి భృతి పంచేవారు. పంపిణీకి ముందు రోజు, తరవాతి రోజు పిల్లలు బడికి తెచ్చుకున్న తిండిని పోల్చి చూశారు. ముందు రోజు చాలామంది చేతిలో వట్టి రొట్టె ఉండేది, తరవాతి రోజు దానికి ఏదో ఒకటి తోడయ్యేది. క్రిస్మస్‌కు ఏం కావాలో రాయమంటే, మారీన్‌తాల్ పిల్లలు కోరుకున్న వస్తువుల ఖరీదు చుట్టుపక్కల ఊళ్ల పిల్లల కోరికల ఖరీదులో సుమారు మూడో వంతే ఉంది. అడిగేది కూడా "మా అమ్మానాన్నలకు పని ఉండి ఉంటే" అనే ధోరణిలో అడిగారు. ఊరి గ్రంథాలయంలో రుసుము తీసేసినా, కావలసినంత తీరిక ఉన్నా, పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. పని పోయిన మనుషులకు దొరికిన సమయం పిల్లల కోసం ఖర్చయ్యే సమయంగా మారలేదు. ఇంట్లో ఎప్పుడూ ఉండే తండ్రి పిల్లలకు దగ్గరవుతాడనుకునేవారు, రోజుకు ఒక ఆకారమే లేకుండా పోయిన ఆ ఇళ్లను గురించి చదివితే ఆగి ఆలోచిస్తారు. పేదరికం పిల్లల కంచాన్ని తగ్గించే ముందే వారి కోరికను తగ్గించడం ఈ మొత్తం విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించిన సంగతి.

"మూడు తరాలుగా పని చేయని కుటుంబాలు" ఉన్నాయా

పని చేయకపోవడం ఒక అలవాటుగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమిస్తుందనే మాట బ్రిటన్ రాజకీయాల్లో చాలా పాతది. 1972లో మంత్రి కీత్ జోసెఫ్ లేమి ఒక చక్రంలా తరం నుంచి తరానికి తిరుగుతుందని ప్రసంగించి, దానిపై పరిశోధనకు ప్రభుత్వ నిధులు ఇప్పించారు. ఆ సందర్భంగా మైకేల్ రటర్, నికొలా మాడ్జ్ 1976లో సాక్ష్యాలన్నీ కూర్చి చూసి, కొనసాగింపు ఉన్న మాట నిజమేనని, అయితే లేమి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లల్లో కనీసం సగం మంది తరవాతి తరంలో దాన్ని తిరిగి అనుభవించడం లేదని తేల్చారు. చక్రం అనే పోలికకు ఈ సగం గట్టి అడ్డంకి.

2012లో ట్రేసీ షిల్‌డ్రిక్, రాబర్ట్ మెక్‌డొనాల్డ్, వారి సహచరులు మూడు తరాల మాటనే నేరుగా పరీక్షించారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలోనూ టీసైడ్‌లోని మిడిల్స్‌బరోలోనూ అత్యంత పేద పేటల్లో, మూడు తరాలుగా ఎవరూ ఎప్పుడూ పని చేయని కుటుంబాల కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు. ప్రమాణాన్ని సడలించి 20 కుటుంబాల్లో 47 మందితో మాట్లాడారు. ఏళ్లుగా పని లేని తల్లిదండ్రులు తమ పిల్లలు తమలా కాకూడదని గట్టిగా కోరుకున్నారు, పిల్లలూ అదే అన్నారు. లిండ్సే మెక్‌మిలన్ పెద్ద సర్వేల మీద చేసిన లెక్కలు, రెండు తరాలవారూ ఎప్పుడూ పని చేయని ఇళ్లు ఒక్క శాతం లోపేనని చూపాయి. తండ్రికి పని లేకపోవడానికీ కొడుకుకు పని లేకపోవడానికీ ఉన్న సంబంధం ఉద్యోగాలు కరువైన ప్రాంతాల్లో బలంగా, దొరికే ప్రాంతాల్లో బలహీనంగా ఉందని కూడా ఆమె చూపారు. సంక్రమించేది కేవలం అలవాటే అయితే, అది ప్రాంతాన్ని బట్టి ఇంతగా మారకూడదు.

అయితే అలవాటు వాదం పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయడం కూడా సరికాదు. నార్వేలో వైకల్య భృతి నిరాకరణకు గురైనవారు అప్పీలు చేసుకుంటే, ఆ కేసు ఉదార స్వభావమున్న న్యాయమూర్తికి పడుతుందా, కఠినుడికి పడుతుందా అన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. గోర్డన్ డాల్ బృందం 2014లో ఈ యాదృచ్ఛికతను వాడుకుని, దాదాపు ఒకే స్థితిలో ఉన్న తల్లిదండ్రుల్లో భృతి వచ్చినవారి పిల్లలను, రానివారి పిల్లలను పోల్చింది. తల్లికో తండ్రికో భృతి మంజూరైతే, తరవాతి ఐదేళ్లలో పెద్దయిన పిల్లలు కూడా అదే భృతిలోకి వెళ్లే అవకాశం సుమారు 6 శాతం పాయింట్లు పెరిగింది. ఇది చిన్న సంఖ్య కాదు. దీన్ని సోమరితనం సంక్రమించడంగా చదివేవారు ఉన్నారు. భృతికి ఎలా దరఖాస్తు చేయాలో, దానివల్ల అవమానమేమీ లేదని ఇంట్లో చూసి తెలుసుకోవడంగా చదివేవారూ ఉన్నారు. రెండో రీతిలో చదివితే, అర్హులై ఉండి అడగడం తెలియని పిల్లలకు తోవ తెలిసిందని కూడా అనవచ్చు. సంఖ్య ఈ రెండింటిలో దేనినీ తనంతట తాను చెప్పదు.

గరిష్ఠ పరిమితి: ఒక కుటుంబం నెల లెక్క

ఇద్దరు పిల్లల పరిమితి తొలగినా మరో నిబంధన అలాగే ఉంది. ఉద్యోగం లేని, లేదా చాలా తక్కువ సంపాదించే కుటుంబానికి అందే మొత్తం సాయానికి 2013 నుంచి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. ప్రస్తుతం అది పిల్లలున్న కుటుంబాలకు లండన్‌లో ఏడాదికి 25,323 పౌండ్లు, బయట 22,020 పౌండ్లు. పని చేసే కుటుంబం కంటే పని చేయని కుటుంబానికి ఎక్కువ అందకూడదన్నది దీని వెనుక ఉన్న న్యాయభావన. పని చేసే సామాన్యుడికి ఆ మాట సహేతుకంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

2025–26 రేట్లతో ఒక లెక్క వేద్దాం. లండన్ బయట ఒక జంట, ఏడేళ్లు, నాలుగేళ్లు వయసున్న ఇద్దరు పిల్లలు, పూర్తిగా సాయానికి అర్హమైన 700 పౌండ్ల అద్దె. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి నెలనెలా అందే ప్రధాన ప్రభుత్వ సాయం) కింద జంటకు నెలకు 628, పిల్లలకు 586, అద్దెకు 700, దానికి తోడు చైల్డ్ బెనిఫిట్ అనే పేరుతో పిల్లల కోసం విడిగా వచ్చే భత్యం సుమారు 188, మొత్తం 2,102 పౌండ్లు. నెలవారీ పరిమితి 1,835. కాబట్టి సుమారు 267 పౌండ్లు కోత పడుతుంది. అద్దె తగ్గదు కనుక ఈ కోత తిండి, విద్యుత్తు, బూట్ల మీద పడుతుంది. ఇప్పుడు ఇంట్లో ఒకరు నెలకు 846 పౌండ్లు వచ్చే పనిలో చేరారనుకుందాం. ఆదాయం అంతకు చేరితే పరిమితి వర్తించదు. మొదటి 411 పౌండ్ల జీతం మీద కోత లేదు, మిగిలిన 435లో పౌండుకు 55 పెన్స్ చొప్పున 239 పోతుంది. చేతికి సుమారు 2,709 వస్తుంది, అంటే నెలకు 874 పౌండ్లు ఎక్కువ. పరిమితిని సమర్థించేవారు చూపేది ఈ 874 పౌండ్ల ప్రోత్సాహాన్నే. పని దొరకని ఊళ్లోనూ, చిన్న పిల్లలున్న ఒంటరి తల్లికీ ఆ ప్రోత్సాహం చేతికందని చోట వేలాడుతుందని, అందనంత కాలం 267 పౌండ్ల కోతను పిల్లలే భరిస్తారని వ్యతిరేకించేవారు అంటారు. వైకల్య భృతి పొందుతున్న ఇళ్లకు మినహాయింపు ఉంది. ఏడాది పాటు నిలకడగా సంపాదించి పని పోగొట్టుకున్నవారికి తొమ్మిది నెలల గడువూ ఉంది. ఏళ్లుగా పని లేనివారికి ఆ గడువు కూడా ఉండదు.

ఏది కొలిస్తే ఏది కనిపిస్తుంది

2010 నాటి బాలల పేదరిక చట్టం, మధ్యస్థ ఆదాయంలో (ఇళ్లన్నిటినీ ఆదాయం వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండే ఇంటి ఆదాయంలో) 60 శాతం కంటే తక్కువతో బతికే పిల్లల సంఖ్యను నిర్ణీత కాలంలో తగ్గించాలని ప్రభుత్వానికి లక్ష్యాలు పెట్టింది. 2016 చట్టం ఆ లక్ష్యాలను తొలగించింది. వాటి స్థానంలో, దీర్ఘకాలికంగా ఉద్యోగం లేని ఇళ్లలోని పిల్లల గురించి, పదహారేళ్ల వయసులో పిల్లల చదువు గురించి పార్లమెంటుకు ఏటా నివేదించాలని పెట్టింది. ఆదాయం ఒక లక్షణం మాత్రమేనని, మూల కారణాలైన పనీ చదువూ కొలవాలని ప్రభుత్వం వాదించింది. ఆదాయ లెక్కలను ప్రచురించడమైనా ఆపకూడదని పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ పట్టుబట్టడంతో అవి కొనసాగాయి. అవి కొనసాగడం మంచిదే అయింది. 2023–24లో అద్దె వంటి నివాస ఖర్చు పోగా మిగిలిన ఆదాయం ప్రకారం బ్రిటన్‌లో 45 లక్షల మంది పిల్లలు, అంటే 31 శాతం, పేదరికంలో ఉన్నారు. వారిలో దాదాపు 72 శాతం మంది ఇళ్లలో కనీసం ఒకరికి ఉద్యోగం ఉంది. ఉద్యోగం లేని ఇంటి పిల్లలు పేదలయ్యే ప్రమాదం చాలా ఎక్కువ, కానీ పేద పిల్లల్లో ఎక్కువమంది ఆ ఇళ్లవారు కారు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం. ఒకదానినే పట్టుకున్నప్పుడు ఉద్యోగమొక్కటే మందని అనిపిస్తుంది, రెండోదానినే పట్టుకున్నప్పుడు ఉద్యోగానికి విలువే లేదనిపిస్తుంది.

తెలుగు కుటుంబాలు ఈ లెక్కలో ఎక్కడ

భారతదేశంలో ఇదే కొలమానాన్ని అచ్చంగా వాడితే దొరికేది చాలా తక్కువ. ఏళ్ల తరబడి భృతి ఇచ్చే వ్యవస్థ లేనిచోట పేద కుటుంబం ఏడాది పాటు ఏ పనీ చేయకుండా ఉండలేదు. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లలో మిల్లు కార్మికుడు ఒక వారంలో ఒక గంట ఆటో తోలినా, కూలికి వెళ్లినా, వారం ప్రాతిపదికన చేసే ప్రభుత్వ సర్వేలో అతడు ఉపాధి ఉన్నవాడే. అతని పిల్లలు ఇంగ్లిషు మీడియం బడి మానేసి ఉంటే, ఆ సంగతి నిరుద్యోగ గణాంకంలో ఎక్కడా కనిపించదు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాల విషయం మరో రకం. నైపుణ్య వీసా మీద వెళ్లినవారికి శాశ్వత నివాస హక్కు వచ్చేదాకా యూనివర్సల్ క్రెడిట్ గానీ చైల్డ్ బెనిఫిట్ గానీ ఉండవు, "ప్రభుత్వ నిధులకు అర్హత లేదు" అని వీసా షరతుల్లోనే ఉంటుంది. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరో సంస్థ ద్వారా వీసా సంపాదించాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. భార్యాపిల్లల వీసాలూ ఉద్యోగి వీసాకే ముడిపడి ఉంటాయి. అందువల్ల వీరి ఇళ్లు పన్నెండు నెలల గీత దాకా చేరవు. ఆ 60 రోజులూ ఇంట్లో జరిగే మాటలు వినే పిల్ల, పరీక్షల మధ్యలో బడి వదిలి హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్త తరగతిలో కూర్చునే పిల్ల, ఉద్యోగం లేని ఇంట్లో పెరిగిన పిల్లల పట్టికలో ఎప్పటికీ చేరదు. కొంత సాయం మాత్రం అందుతోంది: 2023 నుంచి ఇంగ్లండ్‌లో, ఆదాయం నిర్ణీత హద్దులోపు ఉంటే, ఇలాంటి వీసా షరతులున్న కుటుంబాల పిల్లలు కూడా బడిలో ఉచిత భోజనానికి దరఖాస్తు చేసుకోవచ్చు.